తోటలో మజిలీ: షరతులు రైతువే కావాలి

రాష్ట్ర ప్రభుత్వం 2024-29 కాలానికి తెచ్చిన పర్యాటక విధానం పర్యాటక రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. దాని వెనకాలే హోంస్టేలు, కారవాన్‌ల మాటా మొదలైంది. కారవాన్ అంటే లోపలే మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు, మరుగుదొడ్డి అమర్చుకున్న బండి. పగలు ప్రయాణం, రాత్రికి ఏదో ఒక అందమైన చోట మజిలీ. హోటల్ గది అక్కర్లేదు. బండి నిలపడానికి కాస్త చదునైన నేల, తాగడానికి మంచినీళ్లు, భయం లేని రాత్రి ఉంటే చాలు.

రైతు సంఘం పత్రికకు ఈ షికార్ల గొడవ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిందే. బండి ఆగేది నేల మీద. మన ప్రాంతంలో ఆ నేల జీడితోట, కొబ్బరితోట, చెరువు గట్టు, సముద్రపు ఒడ్డు. హరిశ్చంద్రపురం స్టేషను దగ్గర్నుంచి టెక్కలి, పలాస, సోంపేట మీదుగా ఇచ్ఛాపురం దాకా ఒక పక్క రైలు మార్గం, ఒక పక్క 16వ నంబరు జాతీయ రహదారి, తూర్పున సముద్రం, పడమట మహేంద్రగిరి. మన జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. 'సుందర ప్రదేశం' అని ఎవరు వేలు పెట్టి చూపించినా ఆ వేలు కింద ఎవరిదో ఒక రైతుదో, మత్స్యకారుడిదో బతుకు ఉంటుంది. కాబట్టి ఇది షికారు గొడవ కాదు, భూమి గొడవ.

ముందుగా ఒక మాట ఒప్పుకుందాం. పొలంలో బయటివాళ్లు మజిలీ చేయడం మనకు కొత్త కాదు. కోతలు అయ్యాక గొర్రెల కాపరులు మందలతో వస్తారు. రైతు వాళ్లను పిలిచి తన మడిలో మంద కట్టించుకుంటాడు. కాపరికి తిండి, ఇన్ని కుంచాల ధాన్యమో ఇంత డబ్బో ముడుతుంది. పొలానికి ఎరువు దక్కుతుంది. ఎన్ని రాత్రులు, ఏ మడిలో అనేది ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటారు. రామేశ్వరం వెళ్లే ఉత్తరాది యాత్రికుల బస్సులు జాతీయ రహదారి పక్కన చెట్టు నీడన ఆగుతాయి. బస్సు మీంచి పొయ్యి, గిన్నెలు దించి, పప్పూ రొట్టే వండుకుని, బట్టలు ఉతుక్కుని, ఆరినవి మడతపెట్టుకుని వెళ్లిపోతారు. కార్తీక మాసంలో వనభోజనాలకు ఊళ్లకు ఊళ్లే తోటల్లోకి కదులుతాయి. ఇచ్చిపుచ్చుకోవడం మన పద్ధతిలోనే ఉంది. మంద కట్టించుకున్న రైతు కాపరికి పొలం రాసివ్వడు. వనభోజనానికి వచ్చిన చుట్టం తోటకు కంచె వేసుకోడు. ఇప్పుడు రాబోయే బండికీ ఈ రెండు సూత్రాలే వర్తించాలన్నది మన వాదన.

ఇతర దేశాల్లో ఇది చాలాకాలంగా నడుస్తోంది. ఇంగ్లండులో కారవాన్ యాత్రికుల క్లబ్బు 1907లోనే పుట్టింది. అక్కడి 1960 నాటి చట్టం ప్రకారం, గుర్తింపు ఉన్న సంఘం ధ్రువీకరించిన రైతు స్థలంలో ఆ సంఘ సభ్యుల బళ్లు అయిదు దాకా విడిది చేయవచ్చు. దానికి విడిగా పెద్ద లైసెన్సు అక్కర్లేదు. ఫ్రాన్సులో 1993 నుంచి ఒక ఏర్పాటు ఉంది. ద్రాక్షతోటలవాళ్లు, పాడిరైతులు తమ స్థలంలో ఒక్క రాత్రికి బండి నిలుపుకోనిస్తారు. రుసుము లేదు, ఏదైనా కొనాలన్న నిర్బంధమూ లేదు. అయినా తెల్లారి వెళ్లేటప్పుడు యాత్రికుడు ఆ రైతు దగ్గరే జున్ను కొంటాడు, తేనె కొంటాడు. బండిలో సొంత మరుగుదొడ్డి, సొంత నీళ్లు ఉన్నవాళ్లకే ప్రవేశం. ఇటలీ 1985లో వ్యవసాయ పర్యాటకానికి చట్టం చేసింది. అతిథుల మీద వచ్చే పని సేద్యానికి తోడుగా ఉండాలి తప్ప సేద్యాన్ని పక్కకు నెట్టకూడదన్నది దాని మూలసూత్రం. సాగు మానేసినవాడికి ఆ పేరు పెట్టుకునే హక్కు ఉండదు.

మన దేశంలో మహారాష్ట్ర 2020లో వ్యవసాయ పర్యాటక విధానం ప్రకటించింది. కేరళ 2021లో కారవాన్ విధానం తెచ్చింది, 2022లో వాగమన్ కొండల్లో మొదటి కారవాన్ పార్కు తెరిచింది. అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న మన ఊళ్ల పిల్లలు సెలవులకు ఇలాంటి బళ్లు అద్దెకు తీసుకుని జాతీయ ఉద్యానవనాలకు వెళుతున్నారు. సాయంత్రం విడిదిలో పక్క బండివాళ్లతో కుర్చీలు వేసుకుని కబుర్లు చెప్పుకోవడమే ఆ ప్రయాణంలో అసలు రుచి అని వాళ్లే చెబుతుంటారు. ఏ దారి బాగుంది, ఏ ఊళ్లో నీళ్లు దొరికాయి, ఎక్కడ మర్యాదగా చూశారు, ఎక్కడ మోసం చేశారు అన్న సమాచారమంతా ఆ కబుర్లలోనే చేతులు మారుతుంది. ఒక రైతు మంచిగా చూస్తే ఆ మాట పది బళ్లకు చేరుతుంది. ఒక ఊళ్లో చెడు జరిగితే ఆ మాట ఇంకా వేగంగా చేరుతుంది. ప్రకటనల ఖర్చు లేని రాబడి ఇది, పరువు పోతే తిరిగి రాని రాబడి కూడా ఇదే.

ఇక్కడిదాకా బాగానే ఉంది. మరి అనుమానం ఎందుకు? మన అనుభవం వల్ల.

ఈ నేల మీద 'అభివృద్ధి' అన్న మాట ఎప్పుడూ ఒంటరిగా రాలేదు. 1940లో మందస జమీందారీలో అడవి కట్టెల మీద హక్కు కోసం నిలబడ్డ రైతుల మీద తుపాకులు పేలాయి. వీరగుణ్ణమ్మ నేలకొరిగింది అప్పుడే. అదే ఏడాది అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. 2010 జూలై 14న సోంపేటలో బీల భూముల్ని థర్మల్ కేంద్రానికి ఇవ్వవద్దన్నందుకు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఏడాది తిరక్కముందే, 2011 ఫిబ్రవరి 28న, కాకరాపల్లి తంపర భూముల దగ్గర మళ్లీ అదే జరిగింది. రెండుచోట్లా కాగితాల మీద అవి పనికిరాని భూములు. వరి, చేపలు, పశువుల మేత, తుంగ ఇచ్చే చిత్తడి నేల పనికిరానిది ఎలా అయింది? కాగితం రాసినవాడు ఆ నేల మీద బతకడం లేదు గనక. సోంపేట బీల విషయంలో జనం పట్టుబట్టడం వల్లే పర్యావరణ అనుమతి రద్దయింది, బీల మిగిలింది.

ఆ తర్వాతా ఒత్తిడి ఆగలేదు. మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. పలాస ప్రాంతంలో విమానాశ్రయం ప్రతిపాదన మీద ఉద్దానం రైతులు ఆందోళన చేస్తున్నారు. ఇలాంటి వేళ పర్యాటకం పేరుతో తీరం పక్కన పదుల ఎకరాలు చదును చేసి, ప్రహరీ కట్టి, కారవాన్ పార్కు అని బోర్డు పెడితే ఏమవుతుంది? రైతు తన తోటలోనే కాపలాదారు అవుతాడు. మత్స్యకారుడు వల ఆరబెట్టుకునే ఇసుక మీద టికెట్టు కొనాలి. 'కొన్ని ఉద్యోగాలు వస్తాయి' అంటారు. తోట యజమానికి గేటు దగ్గర యూనిఫాం వేయడాన్ని ఉద్యోగం అనే లెక్కయితే, ఆ లెక్క మనకు వద్దు.

మన ముందు రెండు దారులున్నాయి. ఒకటి, పెద్ద సంస్థ చేతిలో పెద్ద పార్కు. రెండు, రైతు చేతిలో చిన్న మజిలీ. రెంటినీ ఒకే పేరుతో పిలిస్తే మోసపోయేది మనమే. మొదటిదాన్ని వ్యతిరేకిద్దాం. రెండోదాన్ని కళ్లు తెరుచుకుని, లెక్కలు వేసుకుని పరిశీలిద్దాం.

లెక్క వేద్దాం. ఇది ఊహ లెక్కే, అందరికీ తెలిసేలా చెప్పడానికి. ఎకరం జీడితోట ఉన్న రైతు తోట అంచున రెండు బళ్లకు చోటు ఇచ్చాడనుకుందాం. బండికి రాత్రికి 400 రూపాయలు. చలికాలంలో 40 రాత్రులు బళ్లు వచ్చాయనుకుంటే చేతికి 32,000 రూపాయలు. నీళ్లు, శుభ్రం, దీపం ఖర్చులు పోగా మిగిలేది అంతకంటే తక్కువ. ఇప్పుడు దీన్ని పిక్కల లెక్కలోకి మార్చండి. 80 కిలోల జీడి పిక్కల బస్తాకు 16,000 రూపాయల మద్దతు ధర కావాలని ఉద్దానం రైతులు అడుగుతున్నారు. ఆ ధరే దక్కితే 32,000 అంటే రెండు బస్తాలు. అంటే మజిలీ రాబడి కష్టకాలంలో ఆసరాగా పనికొస్తుంది, తోటను మాత్రం నిలబెట్టదు. తోటను నిలబెట్టేది గిట్టుబాటు ధరే. విదేశీ పిక్కలు వచ్చిపడి మన పిక్కల ధర కోసిన ఏడాది, 'ధర సంగతి వదిలేయండి, పర్యాటకులు వస్తారు' అని ఎవరైనా అంటే ఆ మాటను అక్కడే తిప్పికొట్టాలి.

అయితే అసలు లాభం అద్దెలో కాదు, సరుకులో ఉంది. పలాస జీడిపప్పు పేరు దేశమంతా తెలుసు. పిక్క పండించిన రైతు పేరు ఎవరికీ తెలియదు. మనం బస్తా లెక్కన పిక్కలు అమ్ముకుంటాం, తినేవాడు కిలో లెక్కన పప్పు కొంటాడు. మధ్యలో కాల్చడం, కొట్టడం, పొట్టు తీయడం, గ్రేడు చేయడం ఉన్నాయి. జీడి రసానికి చేతులు కాల్చుకునే కార్మికులకూ, పిక్క పండించే రైతుకూ ఆ తేడాలో దక్కేది కొద్దే. యాత్రికుడి బండి తోటలోకే వస్తే పప్పు, కొబ్బరి, పనసకాయ, మునక్కాడ, తేనె నేరుగా అమ్ముకునే వీలుంటుంది. దీన్ని ఒక్కో రైతు విడిగా చేయలేడు. మహిళా సంఘాలు, రైతుల సహకార సంఘాలు చిన్న యంత్రాలతో పప్పు తీసి, తూకం, ధర, ఊరి పేరు అచ్చు వేసి అమ్మితే పనవుతుంది. మార్చి నుంచి మే దాకా తోటల కింద కుళ్లిపోయే జీడిపండుకు కూడా అప్పుడు ఒక దారి దొరకవచ్చు.

ఇక అపాయాల సంగతి. వీటిని మనమే ముందు చెప్పాలి. బయటివాళ్లకు ఇవి కనిపించవు.

మొదటిది నీళ్లు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, పలాస, మందస మండలాలు ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బుతో పోరాడుతున్నాయి. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి, హిరమండలం జలాశయం నుంచి నీళ్లు తెచ్చే 700 కోట్ల పథకం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. అలాంటి చోట బండి ట్యాంకు నింపడానికి ఊరి కుళాయి విప్పితే, ఆ రోజు ఎవరి ఇంట్లో బిందె ఖాళీగా ఉంటుందో చూసుకోవాలి. ఊరి తాగునీరు ఊరికే. యాత్రికుడి నీళ్లకు వేరే ఏర్పాటు, వేరే ధర ఉండాలి.

రెండోది మురుగు. బండి మరుగుదొడ్డి ట్యాంకు ఎక్కడో ఒకచోట ఖాళీ చేయాలి. చోటు చూపకపోతే అది చీకట్లో మన గెడ్డలోకో, చెరువులోకో, ఇసుకలోకో పోతుంది. మన ఇసుక నేలల్లో పైన పోసింది కింద బావిలోకి దిగడానికి ఎంతోసేపు పట్టదు. కాబట్టి మురుగు దించే స్థలం కట్టకుండా ఒక్క బండికీ అనుమతి ఇవ్వకూడదు. దాన్ని జాతీయ రహదారి పక్కన ప్రభుత్వమే కట్టి నడపాలి. ఆ పని పంచాయతీ పారిశుద్ధ్య కార్మికుల నెత్తిన ఊరికే రుద్దకూడదు.

మూడోది నిప్పు, అడవి జంతువు. మాఘం దాటాక జీడాకు ఎండి తోటంతా పరుచుకుంటుంది. చలిమంట వేసుకుందామని ఒకడు అగ్గిపుల్ల గీస్తే చాలు, పాతికేళ్ల తోట బూడిదవుతుంది. పండు పడే రోజుల్లో ఎలుగుబంట్లు తోటల్లోకి దిగుతాయి. ఉద్దానంలో వాటి దాడుల్లో చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు ఉన్నారు. ఏ తోటలో, ఏ నెలలో, ఏ వేళ మనిషి ఉండకూడదో అక్కడి రైతుకూ కూలీకీ తెలుసు. పట్నంలో కూర్చుని నక్ష గీసేవాడికి తెలియదు.

నాలుగోది తుపాను. మనకు షికారు కాలం అక్టోబరు, నవంబరులో మొదలవుతుంది. గాలివాన కాలమూ అదే. 2013 అక్టోబరులో ఫైలిన్, 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీ రాత్రి కొబ్బరిచెట్లు వరసలకు వరసలు ఒరిగాయి, జీడిచెట్లు వేళ్లతో లేచాయి. ఆ గాలికి రేకులబండి ఎంత? హెచ్చరిక వచ్చిన గంట నుంచి తీరంలో ఒక్క బండీ ఉండకూడదు. ఖాళీ చేయించే బాధ్యత అధికారులది, రైతుది కాదు.

అయిదోది పక్షులు, తాబేళ్లు. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని లేపుతాయి. ఆ ఊరి జనం వాటిని తరతరాలుగా తమ ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటున్నారు. అటవీ శాఖ బోర్డు రాకముందే ఆ కాపలా ఉంది. తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఇసుక మీదికి వస్తాయి. రాత్రి వెలుతురుకు అవి బెదురుతాయి, పుట్టిన పిల్లలు సముద్రం అనుకుని దీపాల వైపు నడుస్తాయి. తీరప్రాంత నియంత్రణ మండలి నిబంధనలు, 2019 జనవరి నాటి నోటిఫికేషను, గ్రామీణ తీరంలో జనసాంద్రతను బట్టి 50 మీటర్లు, 200 మీటర్ల దాకా కట్టడాలు వద్దంటున్నాయి. తాత్కాలిక పర్యాటక వసతులకు మాత్రం సడలింపు ఉంది. ఆ 'తాత్కాలికం' ఎన్నాళ్లకు శాశ్వతం అవుతుందో ఊరే కనిపెట్టుకుని ఉండాలి.

ఆరోది మనలో మనం మాట్లాడుకోవలసిన సంగతి. మజిలీ ఆదాయం ఎవరికి? ఉద్దానంలో చాలా తోటలు యజమాని పేరున ఒకటి, చూసుకునే మనిషి పేరున ఒకటి. వలస వెళ్లిన కుటుంబాల తోటలు కౌలు రైతులు, పాలివాళ్లు చూస్తున్నారు. యజమాని హైదరాబాదులో అద్దె వేయించుకుంటే, రాత్రి మేలుకుని బండికి కాపలా కాసేది కౌలు రైతు. వాటా రాసుకోకపోతే దక్కేది నిద్రలేమి. డీ-పట్టా భూమి ఉన్న దళిత, గిరిజన రైతు తోటలోనూ బండి ఆగాలి, అక్కడి మంచినీళ్లూ యాత్రికుడు తాగాలి. ఏ ఇంటి ముందు బండి ఆగాలో కులం చూసి చెప్పే దళారీని ఊళ్లోకి రానివ్వకూడదు. ఆడపిల్లలు తెల్లవారుజామున తోటలోకి, గట్టు మీదికి పోయే దారుల్లో బళ్లు పెట్టనివ్వకూడదు. ఈ విషయంలో మహిళా సభ్యుల మాటే చివరి మాట కావాలి.

వీటన్నిటి దృష్ట్యా మన సంఘం ప్రభుత్వం ముందు ఉంచవలసిన కోర్కెలు ఇవి:

1. కారవాన్ పార్కుల కోసం సాగు భూమిని, బీల, తంపర భూముల్ని, ఊరుమ్మడి స్థలాల్ని సేకరించకూడదు, సంస్థలకు కేటాయించకూడదు.

2. గ్రామసభ తీర్మానం లేకుండా ఏ పంచాయతీలోనూ మజిలీ స్థలం గుర్తించకూడదు. ఒకసారి ఇచ్చిన అనుమతిని ఏటేటా గ్రామసభ తిరిగి చూడాలి.

3. సాగు చేస్తున్న రైతు తన తోటలో అయిదు బళ్లకు మించకుండా విడిది ఇస్తే, దాన్ని సేద్యానికి అనుబంధంగానే చూడాలి. దాని సాకుతో ఈ-క్రాప్ నమోదు, పంటనష్ట పరిహారం, కరెంటు రాయితీ తీసేయకూడదు. భూమి స్వభావం మారిందని రాయకూడదు.

4. కౌలు రైతు చూస్తున్న తోటలో ఆదాయం వాటా రాతపూర్వకంగా ఉండాలి.

5. మురుగు దించే కేంద్రాలు, తాగునీటి కేంద్రాలు ప్రభుత్వమే రహదారి వెంట కట్టాలి. ఊరి తాగునీటి మీద భారం పడకూడదు.

6. బండి వల్ల తోటకు నిప్పంటినా, నష్టం జరిగినా పరిహారం అందేలా బీమా తప్పనిసరి చేయాలి. ప్రీమియం బండి యజమానే కట్టాలి.

7. వీటన్నిటికంటే ముందు, జీడి పిక్కలకు మద్దతు ధర ప్రకటించి కొనుగోలు కేంద్రాలు తెరవాలి. తుపానుకు పోయిన తోటలకు తిరిగి కాపుకు వచ్చేదాకా ఆదుకోవాలి.

సభ్యులు చేయవలసిన పనీ ఉంది. మీ ఊరి పొలిమేరలో పర్యాటకం పేరు మీద ఎవరైనా సర్వే చేస్తుంటే కాగితం అడగండి, సర్వే నంబర్లు రాసుకోండి, సంఘానికి తెలపండి. తోట లీజుకు ఇమ్మని ఎవరైనా బయానా చూపిస్తే ఒంటరిగా వేలిముద్ర వేయకండి. ఎన్నేళ్లకు, ఏ షరతుకు, మధ్యలో మానుకునే వీలుందా అన్నది నలుగురూ చదివాకే సంతకం. రాబోయే గ్రామ కమిటీ సమావేశాల్లో ఈ విషయాన్ని చర్చకు పెట్టండి. ఏ ఊరు వద్దంటుందో, ఏ ఊరు ఏ షరతు మీద సరేనంటుందో రాసి పంపండి. వద్దనే ఊరికి వద్దనే హక్కు ఉంది. సరేననే ఊరికి సంఘం తోడు ఉంటుంది.

యాత్రికుడితో మనకు పేచీ లేదు. వేసవిలో పిల్లలకు పల్లె చూపించాలని, మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలిసే చోట నిలబడాలని వచ్చేవాడు మనలాంటి మనిషే. మన ఊరి కష్టం వింటే రేపు మన గొంతుకు తోడూ కాగలడు. తలుపు తీయడం మన మర్యాద. తలుపు తాళం ఇంకొకరి చేతిలో పెట్టడం మర్యాద కాదు. మంద ఎక్కడ కట్టాలో, ఎన్నాళ్లు కట్టాలో నిర్ణయించింది ఎప్పుడూ పొలం రైతే. బండి విషయంలోనూ అంతే.